గర్భసంచి తీసేసే ముందు

నేను డాక్టర్ని కాను, ఇక్కడ శాంటా క్లారాలో ప్రోగ్రాములు రాసుకునేవాణ్ణి. ఈ విషయం ఎత్తుకోవడానికి కారణం గుంటూరులో ఉన్న మా చెల్లెలు. గర్భసంచిలో ఫైబ్రాయిడ్ గడ్డ ఉంది, సంచి తీసేద్దాం అన్నారు. తనకప్పటికి పిల్లలు లేరు.

మనవైపు ఇది వింత కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంమీద 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం.

కోత లేని దారి ఒకటుంది. ఎమ్మారై యంత్రంలో బోర్లా పడుకోబెట్టి, బయటినుంచి అల్ట్రాసౌండ్ తరంగాలను గడ్డలో ఒక్కచోట కలిసేలా పంపుతారు. చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చలేదూ, అలాగన్నమాట. ఎంత వేడెక్కిందో ఎమ్మారైయే చూపిస్తుంది. ఇంజనీరుని కదా, నాకు ముచ్చటేసింది అక్కడే! అమెరికాలో ఎఫ్‌డీఏ దీన్ని 2004లో అనుమతించింది. పిల్లలు కావాలనుకునేవారి విషయంలోనూ పరిశీలించవచ్చని 2015లో సవరించింది.

అందరికీ కుదరదు. గడ్డలు మరీ ఎక్కువైనా, పేగు అడ్డొచ్చినా చెయ్యరు. మళ్ళీ పెరగనూవచ్చు. పిల్లలు కావాలనేవారికి గడ్డను మాత్రమే కోసి తీసే మయోమెక్టమీనే ఇప్పటికీ ఎక్కువగా చెబుతారు. మా చెల్లెలికీ చివరికి అదే చేశారు. ఫోనులో నేను నేర్పింది ఒక్క ప్రశ్న: "సంచి ఉంచి గడ్డ మాత్రం తియ్యలేరా, డాక్టరుగారూ?" రెండో డాక్టరుగారు తియ్యగలమన్నారు.