సముద్రం ఒడ్డున బస ఎక్కడ?

మన వినగడప నుంచి సముద్రం చూడాలంటే విజయవాడ వెళ్లి రైలెక్కాలి. బాపట్లలో దిగితే సూర్యలంక సుమారు 9 కిలోమీటర్లు. అక్కడ ఒడ్డునే పర్యాటకాభివృద్ధి సంస్థవారి హరిత రిసార్ట్ ఉంది. తలుపు తీస్తే అలల హోరే. కార్తీకమాసంలో జనం పోటెత్తుతారు, గది ముందే బుక్ చేసుకోండి. ఖర్చు తగ్గాలంటే బాపట్లలో లాడ్జి తీసుకుని, భావనారాయణస్వామిని దర్శించుకుని, ఆటోలో వెళ్లొచ్చు. కాకపోతే తడిబట్టలతో, ఇసుక కాళ్లతో తిరిగి రావాలి. చీరాల దగ్గర రామాపురంలో ప్రైవేటు రిసార్టులున్నాయి. డబ్బు కట్టేముందు మూడే మూడు అడగండి: ఒడ్డుకు ఎంత నడక? కరెంటు పోతే జనరేటరుందా? పెద్దవాళ్లకు కింది గది ఇస్తారా? బస ఎక్కడైనా సరే, నీళ్లలో హద్దు మాత్రం దాటకండి.