శిథిల శిలామండపముల జీర్ణోద్ధరణము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



క్రొత్త గుడి కట్టించుటకంటె శిథిలమైన గుడిని నిలువబెట్టుట ఘనమైన పుణ్యమని పెద్దలు చెప్పుదురు. పుణ్యము మాట యెట్లున్నను, రెండింటిలో రెండవదియే కష్టతరమన్నది నిస్సంశయము. క్రొత్త కట్టడమునకు ఒక రాయి సరిపడకున్న వేరొక రాయి తెచ్చుకొనవచ్చును. పాత కట్టడమున ఏ రాయి యెచ్చట నుండెనో తిరిగి అచ్చటికే అది చేరవలయును.

ఇందుకు దృష్టాంతము పొరుగుననే కలదు. హనుమకొండ వేయిస్తంభముల గుడిని కాకతీయ రుద్రదేవుడు శాలివాహన శకము 1084న, అనగా క్రీ.శ. 1163న నిర్మింపజేసెను. శివునకును, విష్ణువునకును, సూర్యునకును వేర్వేరు గర్భగృహములు గల త్రికూటాలయమది. నంది కావల 132 స్తంభముల కల్యాణమండపము కలదు. కాలక్రమమున స్తంభములు క్రుంగి, ఒరగి, దూలములు బీటలువారి, ఆ మండపము కూలుటకు సిద్ధమయ్యెను. 2006వ సంవత్సరమున పురావస్తుశాఖవారు దానిని రాయి వెంబడి రాయిగా విప్పిరి. తిరిగి నిలిచిన మండపము జనులకు తెరువబడినది 2024 మార్చి 8వ తేదీన, మహాశివరాత్రినాడు. విప్పిన యేట పుట్టిన పసివాడు ఓటుహక్కు పొందుటకు పట్టినంత కాలము!

ఈ యాలస్యమును సమర్థించుట ఇచట ఉద్దేశము కాదు. ఇంకను ముందుగా ముగియవలసిన పని యని జనులు అనుకొనుటలో తప్పులేదు. అయినను పనిలోని చిక్కు తెలిసికొనకుండ నిందించుట న్యాయము కాదు.

కాకతీయుల నాటి స్థపతులు పునాది గోతిని ఇసుకతో నింపి దానిపై పీఠము లేపెడివారు. నేటి ఇంజనీర్లు దీనిని శాండ్‌బాక్స్ పద్ధతి యందురు. నల్లరేగడి వానకు ఉబ్బును, ఎండకు కుంచించుకొని నెఱ్ఱెలు విచ్చును. నలువైపుల కట్టుదిట్టమైన గోతిలోని ఇసుక అట్లు చేయదు. మీది భారమును సమముగా పంచుకొనును. కాని నీటి ధార యొకటి దారి చేసికొని ఆ యిసుకను మెల్లమెల్లగా కొనిపోయినచో, ఒక స్తంభము దిగును, ప్రక్క స్తంభము దిగదు. అప్పుడు రెంటిమీది దూలమునకు ఆపద వచ్చును. రాయి యెంత బరువునైనను నెత్తిన మోయగలదు గాని నడుము వంచలేదు. వంచవలసి వచ్చిన విరుగును. దూలము విరిగిన కప్పురాళ్ళు నిలువవు. దీనికి తోడు రావి, జువ్వి మొక్కలు సందులలో వేరుదన్ను చున్నవి. పక్షి వేసిన ఆవగింజంత విత్తనము ఏనుగు కదల్పలేని రాతిని కదలించును.

రాతి బరువు సంగతి పూర్వులకు బాగుగా తెలియును. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటయందు కట్టించిన రామప్పగుడి శిఖరమునకు నీటిపై తేలునంతటి తేలిక ఇటుకలు వాడిరి. క్రింది స్తంభములపై భారము తగ్గింపవలెననియే ఆ యేర్పాటు. 2021 జూలైలో ఆ గుడి ప్రపంచ వారసత్వ సంపదగా యునెస్కోవారి పట్టికలో చేరినది.

ఇక విప్పు విధానము. పై కప్పు మొదలు, దూలములు, బోదెలు, స్తంభములు, అరుగు అను వరుసను దిగవలయును. ఒక్క రాయినైనను కదల్పకముందే దానికి సంఖ్య వేయవలయును. ఆ సంఖ్యయే పటములోను, పుస్తకములోను, ఛాయాచిత్రములోను ఉండవలయును. ఏ ముఖము తూర్పునకు, ఏ యంచు మీదికి, ఏ కుసి ఏ బెజ్జములోనికి అనునది వ్రాసికొనవలయును. పునాది సరిచేసిన పిదప అదే వరుసను తిరుగవేసి పైకి పోవుదురు. విరిగిన రాతిని తుప్పుపట్టని ఉక్కు కడ్డీతో అదుకుదురు. ఏమియు మిగులని చోటనే అదే జాతి రాతితో క్రొత్తది చెక్కి నిలుపుదురు. క్రేను రాయి నెత్తగలదు, ఉలి చెక్కగలదు; ఏ రాయి యెచ్చటిదో ఆ రెండును చెప్పలేవు. చెప్పగలది పుస్తకమొక్కటే.

పుస్తకము పోయినచో ఏమగునో కంబోడియా దేశము చూపినది. అంగ్‌కోర్ నగరమున బాఫూన్ అను పదునొకండవ శతాబ్దపు మహాలయము కలదు. 1960 ప్రాంతమున ఫ్రెంచివారు దానిని నిలువబెట్టుటకై విప్పి, దాదాపు 3 లక్షల రాళ్ళను చుట్టునున్న అడవిలో పరచిరి. ఇంతలో అంతర్యుద్ధము వచ్చి పని నిలిచెను. 1975 తరువాతి అల్లకల్లోలములో ఆ రాళ్ళ లెక్కలు నశించినవి. రాళ్ళున్నవి, శిల్పులున్నారు, ధనమును దొరకినది, లెక్క లేదు. 1995లో పని మరల నారంభించి, పాత ఛాయాచిత్రములను, ముదుసలి పనివారల జ్ఞాపకములను ఆధారముగా గొని, రాతిని రాతితో పోల్చి చూచుచు 2011 నాటికి ముగించిరి.

రాళ్ళ లెక్క వంటిదే మరియొక లెక్క ఈ సీమకు సుపరిచితము. నేలకొండపల్లి నివాసి కంచర్ల గోపన్నగారు పాల్వంచ పరగణా తహసీల్దారై, భద్రగిరి రాముని గుడి కట్టించి, సర్కారు పైకమునకు లెక్క చెప్పలేక గోలకొండ చెరసాల పాలైరి. శ్రీరాముడే స్వయముగా బాకీ చెల్లించి రసీదు పుచ్చుకొనెనని భక్తుల విశ్వాసము. రాళ్ళ లెక్క విషయమున అట్టి సాయము వచ్చునని ఎదురుచూచుట కుదరదు.

కూసుమంచి శివాలయము వంటి కాకతీయ కాలపు గుడులు ఖమ్మము సీమలో జనుల కన్నులయెదుట నున్నవి. పురావస్తుశాఖవారి పట్టికకు ఎక్కినవానికి 1958 నాటి చట్టము అండ. ఏ పట్టికలోను లేనివాని మాటయే ఆలోచింపదగినది. చెరువుగట్టుపై బట్టలుదుకు బండగా, ఇంటి ముందరి మెట్టుగా, పశువుల కొట్టము గుంజ క్రింది దిమ్మెగా మారిన చెక్కడపు రాళ్ళు అడవి అంచు పల్లెలలో క్రొత్త కాదు. తెచ్చినవారిది దురుద్దేశము కాదు, రాయి అక్కరకు వచ్చినదని తెచ్చిరి. కాని ఆ రాయి ఏ తావునుండి వచ్చినదో తెలిసిన ముదుసలి గతించిన దినముననే అది గుడికి శాశ్వతముగా దూరమగును.

భక్తితో చేయు అపకారము మరియొకటి. ఏటేటా ఉత్సవమునకు శాసనపు రాతికి సున్నమో, ఎనామిల్ రంగో పూయుదురు. అక్షరములు పూడిపోవును. పగిలిన చోట సిమెంటు మెత్తుదురు. సిమెంటు తేమను బయటికి పోనీయదు. లోని ఉప్పు గడ్డకట్టి రాతి ముఖము పొరలు పొరలుగా రాలును. సున్నపు గచ్చు మెత్తనిది. తేమను పోనిచ్చి రాతిని కాపాడును.

ఊరిలో ప్రతి పొలమునకు కొలత ఉన్నది, హద్దు ఉన్నది, అడంగలు ఉన్నది. పాత రాళ్ళకు మాత్రము ఏ చిట్టాయు లేదు. రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ గ్రంథాలయము అట్టి పుస్తకము నొకదానిని తెరువవచ్చును. గళ్ళు అయిదు చాలును: రాయి యున్న చోటు, కొలతలు, దానిపై కనబడు చెక్కడము లేక అక్షరములు, ఎచటినుండి వచ్చినదని పెద్దలు చెప్పుదురో ఆ మాట, తేదీ. ప్రక్కన ఒక ఛాయాచిత్రము. రాతిని కదల్పరాదు, కడుగరాదు, కొబ్బరినూనె రాయరాదు. భూమిలోనుండి విగ్రహముగాని నాణెములుగాని బయటపడినచో, 1878 నాటి చట్టము ననుసరించి కలెక్టరుగారికి తెలుపవలయును. పుస్తకపు నకలు పురావస్తుశాఖవారికి పంపి, అసలు ఇచటి బీరువాలోనే ఉంచవలయును.

ఆకురాలు కాలమున అడవి పలుచబడును. పొదల మాటు రాళ్ళు బయటపడును. ఉగాదికి ముందే, ఊరి ముదుసలులను ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకొని బయలుదేరుట మంచిది.