ఏ వృత్తి మనది?



గతమాసమున ఒక యువకుడు మా గృహమునకు వచ్చి నమస్కరించెను. ఇంజనీరింగు చదివి, రెండేండ్లలో మూడు ఉద్యోగములు మానెనట. "గురువుగారూ! ఏ పనియందును మనసు నిలుచుట లేదు. నాకు తగిన వృత్తి యేదో ముందుగా తెలియు ఉపాయము చెప్పండి. ఈ నాలుగవదియు మానినచో నాన్నగారికి ముఖము చూపలేను" అని కంటతడి పెట్టెను. అతనికి చెప్పిన మాటలనే నేడు మీకును మనవి చేయుచున్నాము.

తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో, చదువు ముగించి వెడలు శిష్యునకు ఆచార్యుడు చేయు అనుశాసనము కలదు. అందు ఫలానా వృత్తి చేపట్టుమని ఒక్క మాటయు లేదు. సత్యమునందు, ధర్మమునందు, క్షేమమునందు, ఐశ్వర్యమునందు ఏమరుపాటు వలదని మాత్రము కలదు. పిదప, చేయు కర్మయందు సంశయము పొడమినచో, అందు నిష్ఠ గలిగి, విచారణశీలురై, కాఠిన్యము లేని పెద్దలు ఎట్లు వర్తింతురో చూచి అట్లే వర్తింపుమని యున్నది. అచట కర్మ యనగా శ్రౌతస్మార్తకర్మ యని భాష్యము. అయినను జీవికకును ఈ మార్గమే తగును. సంశయము కలుగునని శ్రుతికి ముందే తెలియును. దానిని దోషముగా ఎంచలేదు.

మా సంగతి వినుడు. ఎనిమిదవ యేట పాఠశాలలో చేరితిమి. సంహిత 7 కాండములు, 44 ప్రశ్నములు ముగించి, క్రమాంతమైన పిదప వ్యాకరణము చదివి పండితసభలలో వాదింపవలెనని మా కోరిక. గురువుగారు మాత్రము పసిబాలురకు సంత చెప్పుమనిరి. మేము ఒకమారు చెప్పినదానిని వారు రెండుమార్లు చెప్పవలెను. ఉదయము మొదలు అదే పని. అవమానముగా తోచి, ఒకనాటి రాత్రి మూట గట్టుకొని రైలుస్టేషనుకు పోయితిమి. బండి ఆలస్యమైనది. వేచియున్నంతసేపు మా మనసు వ్యాకరణమువైపు పోలేదు. ఒక బాలుడు స్వరితమును ఏల తప్పుచున్నాడో, ఎట్లు దిద్దవలెనో అని చింతించుచుండెను. తెల్లవారకమున్నే మరలి వచ్చితిమి. తలుపు తీసిన గురువుగారు ఏమియు అడుగక, "పిల్లలు లేచినారు, పో" అనిరి. ఏబది యేండ్లుగా ఆ సంతయే మాకు జీవిక, అదియే తృప్తి.

నాయనలారా! చేయకమున్నే పని రుచి తెలియదు. ఉద్యోగము మానుటయే తప్పని మేము చెప్పము. అధర్మము చేయించు కొలువును వెంటనే విడువవలసినదే. విసుగుచే విడుచుటకు ముందు మాత్రము ఒక యేడాది శ్రద్ధగా చేయుడు. ఎవరును అడుగకయే మనసు దేనివైపు మరలునో గమనింపుడు. ఆ పనిలో పండిన మృదుస్వభావు నొకనికి మీ పనిని చూపుడు. మనకు కానరానిది వారికి కానవచ్చును.

తల్లిదండ్రులారా! జీతమెంత యని అడుగుటకు ముందు, నేడేమి నేర్చితివని అడుగుడు.

ఆ యువకుడు ఇంకను ఏమియు నిశ్చయించుకొనలేదు. గమనించుట మాత్రము ప్రారంభించినాడు. అది చాలును.

స్వస్తి.