రెండు నిమిషాల పని

(మహిళా ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఆదివారం సభకి రావడం కోసం మీలో ఎంతమంది తెల్లవారుజామునే లేచి వంట చేసిపెట్టి వచ్చారో నేను అడగను. అడిగితే లేవని చెయ్యి ఉండదని తెలుసు.

ఇవాళ సిద్ధాంతంతో కాకుండా నా స్నేహితురాలి నోటుపుస్తకంతో మొదలుపెడతాను. ఆవిడ జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరు. భర్తా ఉద్యోగస్తుడే. ఇద్దరు పిల్లలు, మంచాన ఉన్న అత్తగారు. ఎప్పుడూ ఏదో మర్చిపోతున్నానని, తనకి పనిలో ఒక పద్ధతి లేదని ఆవిడ బాధ. స్టాఫ్ రూములో ఎవరో ఒక పుస్తకం ఇచ్చారు. డేవిడ్ అలెన్ అనే అమెరికన్ 2001లో రాసిన ‘గెటింగ్ థింగ్స్ డన్’. అందులో చెప్పిన పద్ధతి క్లుప్తంగా ఇది: పనులన్నీ బుర్రలో మొయ్యకుండా కాగితం మీద పెట్టాలి. ఒక్కొక్కటే తీసి చూడాలి. రెండు నిమిషాల్లో అయ్యేదైతే వెంటనే చేసెయ్యాలి. కాకపోతే ఇంకొకరికి అప్పగించాలి, లేదా తర్వాత చెయ్యడానికి రాసిపెట్టుకోవాలి. అప్పగించినవాటికి వేరే జాబితా ఉండాలి.

ఆవిడ శ్రద్ధగా రాయడానికి కూచుంది. నాలుగు పేజీలు నిండాయి. పదో తరగతి జవాబు పత్రాలు, మార్కులు కంప్యూటర్లో ఎక్కించడం, మధ్యాహ్న భోజనం రిజిస్టరు, అత్తగారి బి.పి. మాత్రలు, గ్యాస్ బుకింగు, చిన్నవాడి బూట్లు, ఆడబిడ్డ కూతురి ఓణీల ఫంక్షనుకి బట్టలు, ఇడ్లీకి పప్పు నానబొయ్యడం. “ఇంత పని నేనే చేస్తున్నానా!” అని తనే ఆశ్చర్యపోయింది.

స్కూల్లో ఈ పద్ధతి బాగానే పనికొచ్చింది. ఏ కాగితం ఎక్కడుందో వెతుక్కునే బాధ తప్పింది. అది నేను కాదనను. ఇంట్లో మాత్రం రెండుచోట్ల అడ్డం తిరిగింది.

మొదటిది, రెండు నిమిషాల సూత్రం. ఇంట్లో ఆడదానికి వచ్చే ప్రతి పిలుపూ రెండు నిమిషాలదే. “అమ్మా, నా టవలేది?”, “ఏమోయ్, కాస్త టీ”, “అమ్మాయ్, మంచినీళ్లు”. వెంటనే చేసెయ్యమంది కదా పుస్తకం! సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా ఆవిడ అవే చేసింది. జవాబు పత్రాల కట్ట విప్పనేలేదు.

రెండోది, అప్పగించిన పనుల జాబితా. స్కూలు పేజీలో దాని కింద నాలుగు పేర్లున్నాయి. ఇంటి పేజీ నెలంతా ఖాళీ. ఆఫీసులో ఎవరు ఎవరికి పని అప్పగించవచ్చో హోదా చెబుతుంది. ఇంట్లో కోడలికి ఆ హోదా ఎవరిచ్చారు? ఆ ఖాళీ పేజీ చూశాకగానీ, తనకి లేనిది పద్ధతి కాదని ఆవిడకి తెలియలేదు.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. 2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతటా కాల వినియోగ సర్వే చేసింది. ఇంట్లోవాళ్ల కోసం జీతం లేని ఇంటిపని చేసినవాళ్లు ఆడవాళ్లలో 81.2 శాతం, మగవాళ్లలో 26.1 శాతం. చేసినవాళ్లలో కూడా ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు చేస్తే మగవాళ్లు 97 నిమిషాలు చేశారు. 2024 సర్వేలో ఇవి 289, 88. మనకి పది నిమిషాలు తగ్గాయని సంతోషించేలోగా వాళ్లకీ తొమ్మిది తగ్గాయి! ఉద్యోగం నుంచి వచ్చాక మొదలయ్యే ఈ చాకిరీని ఆర్లీ హాక్‌షీల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1989లోనే ‘రెండో షిఫ్టు’ అంది.

రెండో నెలలో నా స్నేహితురాలు పుస్తకంలో లేని పని ఒకటి చేసింది. ప్రతి పని పక్కనా ‘ఇది ఎవరి పని?’ అని ఒక గడి గీసింది. ఇంటి పేజీ తీసి వంటగది తలుపుకి అంటించింది. “ఇల్లు ఆఫీసనుకున్నావా?” అన్నాడు భర్త. “ఆఫీసైతే ఆదివారం సెలవుండేది” అంది ఆవిడ. వారం రోజులు ఇంట్లో మాటల్లేవు. తర్వాత వాళ్లమ్మ మాత్రలు, గ్యాసు ఆయన తీసుకున్నాడు. పిల్లలు తమ బట్టలు తాము మడత పెట్టుకుంటున్నారు. వంట ఇంకా ఆవిడదే. మాత్రల సంగతి ఆయనకి గుర్తుచెయ్యడమూ ఆవిడే. అందుకని ‘గుర్తుచెయ్యడం’ అనే పనిని కూడా జాబితాలో చేర్చింది!

ఈ గడి స్కూలు పేజీకి కూడా కావాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 27వ సెక్షను ప్రకారం జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికల విధులు తప్ప విద్యేతర పనులకి టీచర్లని నియోగించకూడదు. మీ జాబితాలో ఈ మూడింటిలోకి రానివి, పాఠం చెప్పడానికి సంబంధం లేనివి ఎన్నున్నాయో గుర్తుపెట్టండి. మౌఖికంగా చెప్పే ఫిర్యాదుని గొణుగుడు అని తీసిపారేస్తారు. తేదీ వేసి రాసిన కాగితాన్ని అలా తీసిపారెయ్యడం కష్టం.

మిమ్మల్ని కోరేది ఒక్కటే. ఒక వారం పాటు మీరు చేసిన ప్రతి పనీ రాయండి. రెండు నిమిషాలదని వదిలెయ్యకండి. పక్కన ఎవరి పనో కూడా రాయండి. వచ్చే సమావేశానికి ఆ కాగితాలు తీసుకురండి. ఇంటి పేజీల గురించి మనలో మనం మాట్లాడుకుందాం. స్కూలు పేజీలని యూనియన్ ముందు పెడదాం.

రాయడానికి తీరికెక్కడిదని అంటారేమో. ఆ మాటనే మొదటి లైనుగా రాయండి.