మాంసకృత్తుల పానీయం - శరీరపు బరువు

ఒక ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములున్నారనుకుందాం. అన్నకు బరువు తగ్గాలని కోరిక. తమ్ముడికి పెరగాలని కోరిక. ఇద్దరూ కలిసి ఒకే డబ్బా కొనితెచ్చి, అందులోని పొడిని పాలలో కలుపుకొని త్రాగుతున్నారు. ఒకే పొడి ఒకరిని తగ్గించి, వేరొకరిని పెంచగలదా? ఈ ప్రశ్నకు సమాధానం దొరికితే, ఈ పానీయాలను గురించి తెలుసుకోవలసినది చాలావరకు తెలిసినట్లే.

ముందుగా ఈ పొడి ఏమిటో చూద్దాం. పాలు విరిచినప్పుడు గడ్డ, తేట విడివడుతాయి. ఆవుపాల మాంసకృత్తులలో నూటికి సుమారు 80 పాళ్ళు గడ్డలో చేరుతాయి. తక్కిన 20 పాళ్ళు తేటలో నిలుస్తాయి. చీజు తయారుచేసినప్పుడు మిగిలే ఆ తేటను వడగట్టి, ఆరబెట్టి చేసినదే బజారులో 'వే' అనే పేరుతో అమ్మే పొడి. సోయా, బఠాణీలతో చేసినవి కూడా కలవు. కాబట్టి ఇది మందు కాదు, ఆహారమే. సుమారు 30 గ్రాముల పొడిలో 20 నుంచి 25 గ్రాముల మాంసకృత్తులు, దాదాపు 120 కేలరీల శక్తి ఉంటాయి.

మాంసకృత్తులకు రెండు మంచి గుణాలున్నవి. అవి ఆకలిని చాలాసేపు అణచి ఉంచుతాయి. వాటిని జీర్ణించుకొని వినియోగించుకొనడానికే, వాటివల్ల వచ్చే శక్తిలో నూటికి 20 నుంచి 30 వంతులు ఖర్చవుతుంది. పిండిపదార్థాలకు 5 నుంచి 10 వంతులు చాలును, క్రొవ్వుకు ఇంకా తక్కువ. అందుచేత అన్న ఉదయం పూరీలు మాని, వాటికి బదులు నీళ్ళలో కలిపిన ఈ పానీయం తీసుకుంటే బరువు తగ్గవచ్చును. అయితే తగ్గించినది పొడి కాదు, మానిన పూరీలు! పూరీలు తిని, ఆపైన గ్లాసెడు గేదెపాలలో పొడి, అరటిపండు, రెండు చెంచాల తేనె కలిపి త్రాగితే, ఆ గ్లాసుతోనే దాదాపు 500 కేలరీలు లోపలికి చేరుతాయి. బరువు పెరగక ఏమవుతుంది?

ఇక తమ్ముని సంగతి. కండను పెంచేది శ్రమ. మాంసకృత్తులు దానికి ముడిసరకు మాత్రమే. బరువులెత్తే వ్యాయామం చేసే 1,800 మందికి పైగా వ్యక్తులపై జరిగిన 49 పరిశోధనలను 2018లో ఒకచోట చేర్చి పరిశీలించారు. మాంసకృత్తులు అదనంగా తీసుకొన్నందువల్ల, క్రొవ్వు కాని దేహభారం సగటున 300 గ్రాములు మాత్రమే ఎక్కువగా పెరిగినది. రోజుకు, శరీరపు బరువులో కిలోకు 1.6 గ్రాములు దాటిన తరువాత అదనపు లాభం కనిపించలేదు. 'బరువు పెంచే పొడి' అని అమ్మే డబ్బాలలో చాలావాటికి పిండిపదార్థాలే ప్రధానం. శ్రమ లేనిదే వాటివల్ల పెరిగేది కండ కాదు, క్రొవ్వు.

మనకు ఎంత కావాలి? 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ, 2020 నాటి సిఫారసులలో పెద్దవారికి కిలోకు 0.83 గ్రాములని నిర్ణయించినది. అంటే 60 కిలోల మనిషికి రోజుకు 50 గ్రాములు. 300 గ్రాముల బియ్యంలో దాదాపు 24, 60 గ్రాముల కందిపప్పులో 13, 300 గ్రాముల పెరుగులో 9, ఒక గ్రుడ్డులో 6 - లెక్క సరిపోయినది. కండ పెంచుకొనడానికి ఈ పొడులు వాడవద్దని అదే సంస్థ 2024లో హితవు చెప్పినది.

ఒక చేదు అనుభవాన్ని కూడా జ్ఞాపకం చేసుకోవాలి. 1970 దశకంలో అమెరికాలో, పశువుల చర్మం మొదలైనవాటినుంచి తీసిన మాంసకృత్తుల ద్రవాన్ని మాత్రమే త్రాగి, అన్నపానాలు మాని బరువు తగ్గే పద్ధతి ప్రబలినది. 1977, 78 సంవత్సరాలలో దాదాపు 60 మరణాలు విచారణకు వచ్చినవి. పలువురిలో గుండె గతి తప్పి ప్రాణం పోయినది. నేటి పొడి ఆ ద్రవం కాదు, నిజమే. కాని ఏ ఒక్క పదార్థమూ పూర్తి భోజనం కాజాలదన్న పాఠం మాత్రం నేటికీ పాతబడలేదు.

నమలలేని వృద్ధులకు, జబ్బుపడి కోలుకొంటున్నవారికి వైద్యుని సలహాపై ఈ పానీయం మేలుచేయవచ్చును. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుని అడుగనిదే దీనిని ముట్టరాదు.

ఇప్పుడు మన అన్నదమ్ములకు ఏమని చెబుదాం? అన్న తన కంచంలో ఏది తగ్గించాలో చూసుకోవాలి. తమ్ముడు రెండు ముద్దలు ఎక్కువ తిని, ఒళ్ళు వంచి శ్రమించాలి. ఆ పిమ్మట ఇద్దరూ డబ్బా వెల ఎంతో చూచి, ఆ డబ్బుతో ఇంటిల్లిపాదికీ ఎన్ని పాలు, ఎంత పప్పు, ఎన్ని గ్రుడ్లు వస్తాయో లెక్క వేసుకోవాలి.