కాన్వాయ్ నుంచి కోచ్ దాకా



పెద్ద బళ్ల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆర్మీ సర్వీస్ కోర్‌లో స్టీరింగ్ పట్టి, పెన్షనయ్యాక ఏసీ కోచ్ నడిపినవాణ్ణి. ఈ హాల్లో ఒకటి రెండేళ్లలో ఇంటికెళ్లే డ్రైవర్లున్నారు, ముఖ్యంగా వాళ్లకోసమే చెబుతున్నాను.

శ్రీనగర్ నుంచి లేహ్ 434 కిలోమీటర్లు. దారిలో జోజిలా 11,500 అడుగుల పైన, ఫోటులా 13,400 అడుగుల పైన. మా కాలంలో కాన్వాయ్ కార్గిల్‌లో రాత్రి ఆగి, రెండో రోజుకు లేహ్ చేరేది. హైదరాబాదు నుంచి బెంగుళూరు సుమారు 570. కోచ్‌లో ఒక్క రాత్రి! రోడ్డు బాగుంది, బండి గొప్పది, ఒప్పుకుంటాను. తోలే మనిషి మాత్రం అదే మనిషి కదండీ.

శక్తిమాన్, స్టాలియన్ తోలిన చేతికి కోచ్ ఒక లెక్కా అనుకుంటాం. కొన్ని కొత్తగా నేర్చుకోవలసిందే. కోచ్‌లో మన సీటు ముందు చక్రాలకంటే ముందుంటుంది. లారీ అలవాటులో తిప్పేస్తే వెనక చక్రాలు మలుపు లోపలి అంచు ఎక్కేస్తాయి. మనం మలుపు దాటిపోయామనిపించాకే తిప్పాలి. అప్పుడు బండి తోక అవతలికి ఊగుతుంది, పక్కన స్కూటరువాడున్నాడేమో అద్దంలో చూడాలి. ఇంజను వెనకాల, శబ్దం వినబడదు. ఎయిర్ సస్పెన్షన్ గుంతల్ని మింగేస్తుంది. లారీలో చెవీ నడుమూ చెప్పే వేగం ఇక్కడ ఎవరూ చెప్పరు, మీటరు చూసుకోవాల్సిందే.

దిగుడులో పాత పాఠమే. ఎక్కిన గేర్లోనే దిగాలి. పెడల్ తొక్కిపట్టి దిగితే డ్రమ్ములు కాలి, ఆనక ఎంత తొక్కినా పట్టవు. కోచ్‌లో రిటార్డర్ ఉంటుంది, బ్రేకు అరక్కుండా వేగం తగ్గిస్తుంది. అయితే తడి రోడ్డు మీద దాన్ని ఒక్కసారిగా లాగితే వెనక చక్రాలు జారతాయి.

ఇక నిద్ర. 80 వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. మూడు సెకన్లు రెప్ప వాలితే 66 మీటర్లు బండి తనంతట తనే పోయినట్టు. తెల్లవారుజామున మూడు నుంచి ఐదు దాకా టీ, పాటలు, చన్నీళ్లు ఏవీ ఎక్కువసేపు ఆపలేవు. కాన్వాయ్‌లో హాల్ట్ అంటే హాల్ట్. దిగి టైర్లు తట్టి హాల్ట్ పెరేడ్ చేస్తే మనకీ మెలకువ వచ్చేది. సివిల్లో ఆగమనే కమాండరు లేడు. ఏకబిగిన ఐదు గంటలు మించరాదని, తర్వాత అరగంట విశ్రాంతి ఇవ్వాలని 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం అప్పట్లోనే రాసింది. నేను పనిచేసిన ఒకచోట రెండో డ్రైవరు కాగితం మీదే ఉండేవాడు. మనిషిని చూపిస్తేనే బండి తీస్తానన్నాను. రెండు నెలలకు ఉద్యోగం పోయింది. పోనీండి.

2013 అక్టోబరు 30 తెల్లవారుజామున మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర కోచ్ కల్వర్టుకు తగిలి అంటుకుంది, 45 మంది పోయారు. కారణాల జోలికి నేను వెళ్లను. కానీ బయల్దేరేముందు అత్యవసర ద్వారం ఎక్కడుందో, అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడుందో ప్రయాణికులకు చెప్పండి. రెండు నిమిషాల పని. సుత్తి దాని స్థానంలో ఉందో లేదో ముందు మీరు చూసుకోండి, చాలా బళ్లలో ఉండదు.

చివరగా అక్కచెల్లెళ్లకు ఒక మనవి. ఆయన నైట్ చేసి వచ్చిన రోజు మధ్యాహ్నం దాకా గది తలుపు తీయకండి. గ్యాసు బండ, కరెంటు బిల్లు సాయంత్రం చూసుకోవచ్చు.

సెలవు. జైహింద్.