గుండె వాల్వు మార్పిడి: ఛాతీ తెరవాలా, తొడ నుంచి వెళ్లాలా?

(ఆరోగ్యశ్రీ అవగాహన సదస్సులో జిల్లా సమాచార అధికారి ప్రసంగ పాఠం)

ఈమధ్య చాలామంది నన్ను ఒకటే అడుగుతున్నారు: "సార్, ఛాతీ కోయకుండా తొడలోంచి వాల్వు వేస్తారట కదా, మా నాయనకు అదే చేయించొచ్చా?" నేను డాక్టర్ని కాను. తెలుసుకున్నది మీకు అర్థమయ్యేలా చెబుతాను.

గుండె నుంచి ఒంటికంతటికీ రక్తం వెళ్లే ద్వారం దగ్గర అయోర్టిక్ వాల్వు ఉంటుంది. వయసు పైబడ్డాక దాని రెక్కల మీద కాల్షియం పేరుకుని దారి ఇరుకవుతుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, ఛాతీనొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే "ముసలితనం, అంతేలే" అని ఊరుకోవద్దు. వాల్వు బాగా ఇరుకై ఈ లక్షణాలు మొదలయ్యాక, మార్చకుండా వదిలేస్తే రెండేళ్లలో సగం మంది దాకా చనిపోతారు. మందులు ఆయాసం తగ్గిస్తాయి గానీ వాల్వుని తెరవలేవు.

ఆపరేషన్‌లో ఛాతీ ఎముక కోసి, గుండె పనిని కాసేపు మెషిన్‌కి అప్పగించి, పాడైన వాల్వు తీసేసి కొత్తది కుడతారు. వారం దాకా ఆస్పత్రి, ఎముక అతుక్కోవడానికి రెండు మూడు నెలలు. రెండోది టావీ. 2002లో ఫ్రాన్స్‌లో డాక్టర్ అలెన్ క్రిబియే మొదటిసారి మనిషికి చేశారు. మడిచిన వాల్వుని సన్నటి గొట్టంలో తొడ రక్తనాళం గుండా పంపి, పాతదాని లోపలే విప్పుతారు. చాలామంది రెండు మూడు రోజుల్లో ఇంటికి వెళ్తారు.

అలాగని టావీయే గొప్పదనుకోవద్దు. దీని తర్వాత పేస్‌మేకర్ అవసరం పడేవాళ్లు ఎక్కువ, వాల్వు అంచుల్లో రక్తం కారే అవకాశమూ ఎక్కువ. ఆపరేషన్‌లో రక్తస్రావం, గుండె దడ ఎక్కువ. అమెరికా వైద్య సంఘాల 2020 మార్గదర్శకాల ప్రకారం 65 లోపు వాళ్లకు సాధారణంగా ఆపరేషన్, 80 దాటినవాళ్లకు టావీ. మధ్య వయసువాళ్లకు డాక్టర్లు, ఇంటివాళ్లు కూర్చుని మాట్లాడుకోవాలి. బైపాస్ కూడా కావాల్సి వస్తే ఆపరేషన్ వైపే మొగ్గుతారు, రెండు పనులూ ఒకేసారి అయిపోతాయి. చిన్నప్పుడు కీళ్లవాపు జ్వరం వచ్చి మిట్రల్ వాల్వు పాడైనవాళ్లకు ఈ టావీ వర్తించదు. మన దగ్గర అలాంటివాళ్లు తక్కువేం కాదు.

ఇక డబ్బు సంగతి. టావీ వాల్వు ఖరీదే లక్షల్లో ఉంటుంది. ఎవరో చెప్పారని పొలం అమ్మకానికి పెట్టకండి. వాల్వు మార్పిడి ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో ఉంది. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో పరిమితి 10 లక్షలు. టావీ చెప్పారంటే, చేరకముందే ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రని కలిసి ప్యాకేజీ వర్తిస్తుందా, అనుమతి వచ్చిందా, పైన ఎంత కట్టాలి అని అడగండి. 70 దాటినవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది, ఆధార్‌తో తీసుకోవచ్చు.

ఆస్పత్రికి వెళ్లేటప్పుడు ఎకో రిపోర్టు, రేషన్ కార్డు, ఆధార్, వాడుతున్న మందుల చీటీ పట్టుకెళ్లండి. సందేహం ఉంటే 104కి ఫోన్ చేయండి.